కిటికీలోంచి అమ్మిన మా అబ్బాయిని తిరిగి ఇప్పించుట గురించి

వాలియా పూపెజా గ్రామం,
చర్చి వెనక వీధి, నీలం గేటు ఇల్లు.

జిల్లా బాలల రక్షణ కార్యాలయం డైరెక్టర్ గారి సముఖమునకు, పదిహేడేళ్ళ వయసు గల మిరూనా హుర్దుబే సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జ్వరం వదులుటకై కిటికీలోంచి పక్కింటి స్త్రీకి అమ్మబడి, తదుపరి తమ కార్యాలయం వారిచే తీసుకుపోబడిన మా అబ్బాయి దామియాన్‌ను, కన్నతల్లినైన నాకు తిరిగి ఇప్పించుట గురించి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, ఇంతకు ముందు కూడా తమకు అర్జీలు పెట్టి ఉన్నాను. అవి మామూలు భాషలో రాశాను. "మా బాబుని ఇచ్చేయండి, వాడు సీసాతో తాగడు" అని రాశాను. "తమ దరఖాస్తు నిర్ణీత విధానంలో లేనందున పరిశీలించుటకు వీలు పడదు" అని జవాబు వచ్చింది. సదరు జవాబులను మంచం పక్కన పెట్టుకొని చదవగా చదవగా నిర్ణీత విధానం నాకూ కొంత పట్టుబడింది. కనుక ఈసారి తమ భాషలోనే మనవి చేసుకొనుచున్నాను. మధ్యలో ఎక్కడైనా మామూలు మాట దొర్లితే నా చిన్న వయసును తలచి క్షమించగలరు. నా వయసు చిన్నదని తమ కార్యాలయమే పలుమార్లు రాసి ఉన్నది.

1. శిశువు అస్వస్థత, విక్రయం.

సదరు శిశువు దామియాన్‌కు ఆరు నెలలు. ఫిబ్రవరి మాసంలో తీవ్రమైన జ్వరంతో బాధపడెను. ఊరి ఆసుపత్రికి తీసుకుపోయాం. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మందు రాసింది. తెచ్చి వేశాం. జ్వరం దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కింది. మర్నాటికి వాడు ఏడవడం మానేశాడు. పసివాడు ఏడవడం మానేస్తే ఎంత భయమేస్తుందో, తమకు పిల్లలుంటే తెలిసే ఉంటుంది.

అప్పుడు మా అమ్మమ్మ పరస్కీవా, "ఇంక ఆలస్యం చెయ్యకూడదే. వీణ్ణి అమ్మేద్దాం" అంది.

మా ఊరివాళ్ళకైతే ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. తమరు పట్నంలో పుట్టి ఉండవచ్చు గనుక వివరిస్తున్నాను. జబ్బు ఒక పిల్లాణ్ణి పట్టుకుని వదలనప్పుడు, వాణ్ణి కిటికీలోంచి బయటికి అందించి, చాలామందిని కని అందరినీ బతికించుకున్న ఆడమనిషికి అమ్ముతారు. ఆవిడ ఒక నాణెం ఇచ్చి కొనుక్కుంటుంది, కొత్త పేరు పెడుతుంది. మళ్ళీ వాకిలి గుండా లోపలికి తెచ్చి, "ఇదిగో నా బిడ్డ, నా బదులు మీరు పెంచండి" అని ఒప్పజెబుతుంది. జబ్బు తిరిగొచ్చి పాత పేరుతో వెతికితే, ఆ పేరు గల పిల్లాడు ఆ ఇంట్లో ఉండడు. వాడు పూర్తిగా కోలుకుని, ఫాదర్ గారు వచ్చి ఇల్లు దీవించేదాకా, కన్నతల్లి వాణ్ణి నా బిడ్డ అనకూడదు. నోరు జారిందా, చేసిందంతా వృథా.

పక్కింటి తుదోరా అత్తకు ఏడుగురు పిల్లలు, ఏడుగురూ గట్టివాళ్ళు. ఆవిడ వచ్చి మా కిటికీ కింద మంచులో నిలబడింది.

"ఏం పిన్నీ, పిల్లాణ్ణి అమ్ముతారా?"

"అమ్ముతాం. రోగిష్టి వెధవ, దేనికీ పనికిరాడు" అంది అమ్మమ్మ. వస్తువును తిట్టాలి, అది బేరం పద్ధతి.

"మీకు పనికిరాకపోతే నాకు పనికొస్తాడులే. ఏడుగురు తింటున్న చోట వీడొకడు ఎక్కువా? వీడి పేరు లూపు." లూపు అంటే తోడేలు. జబ్బు తోడేలు జోలికి పోదని మావాళ్ళ నమ్మకం.

కిటికీలోంచి నేనే అందించాను. మన మంచికే చేస్తున్నామని తెలిసినా, చేతులు ఖాళీ అయ్యేసరికి కిటికీ రెక్క మూయబోయి మళ్ళీ తెరిచాను. మర్నాడు పొద్దున వాడు కళ్ళు తెరిచి పాల కోసం గొంతు చించుకున్నాడు. మందు వల్ల తగ్గిందో, అమ్మకం వల్ల తగ్గిందో నాకు తెలియదు. మేం రెండూ చేశాం. ఏది పనిచేసిందో తమ కమిటీ వారు విచారించి తేల్చవచ్చును.

2. తమ సిబ్బంది తనిఖీ.

పిల్లాణ్ణి మళ్ళీ చూపించడానికి అమ్మమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ గొప్పగా, "మీ మందూ మంచిదే డాక్టరమ్మా, కాదనను. కానీ మేం వీణ్ణి తుదోరాకి అమ్మేశాం. అందుకే నిలబడ్డాడు" అని చెప్పి వచ్చింది. డాక్టరమ్మ పట్నం పిల్ల. పాపం, ఆవిడ భయం ఆవిడది. తమకు ఫోన్ చేసింది.

తమ కార్యాలయం నుంచి శ్రీమతి లోరెదానా గారు ఒక పోలీసును వెంటబెట్టుకుని మా ఇంటికి విచ్చేశారు. ఆ సమయంలో నేను బాబుకు పాలిస్తున్నాను.

"ఈ బాబు ఎవరి పిల్లాడమ్మా?" అని అడిగారు.

అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి నా వైపు చూసింది. రోజూ సాయంత్రమయ్యేసరికి వాడి నుదురు ఇంకా వెచ్చబడుతూనే ఉంది. ఫాదర్ గారు ఇంకా రాలేదు.

"తుదోరా అత్త పిల్లాడండీ."

"మరి నువ్వు పాలిస్తున్నావేంటి?"

"పెంచమని ఇచ్చిందండీ."

"పేరేంటి?"

"లూపు."

"అంటే వీణ్ణి నువ్వు కనలేదు?"

"లేదండీ" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు వాడు నా వేలు పట్టుకునే ఉన్నాడు.

"డబ్బేమైనా తీసుకున్నారా?" అని అమ్మమ్మను అడిగారు.

"తీసుకోకుండా ఎలా మేడమ్? ఊరికే ఇస్తే చెల్లదు కదా" అంది అమ్మమ్మ.

మేడమ్ గారు అంతా రాసుకుని, కాగితం నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను. నేను పదో తరగతి దాకా చదివాను, తెలివితక్కువదాన్ని కాను. జ్వరానికి చదువు రాదని నాకూ తెలుసు. కానీ ఒకవేళ వస్తే, ఆ కాగితం చదివితే, మళ్ళీ నా కొడుకు దగ్గరికి వస్తుందేమోనని పెట్టాను. ఆ రోజు ఎవరూ నా వయసు అడగలేదు. పెద్దవాళ్ళను పిలిపించమని అనలేదు.

తరువాత వాణ్ణి నా ఒళ్ళోంచి తీసుకున్నారు. కారు దగ్గరికి చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

"మేడమ్, వాడు నా కొడుకే. నేనే కన్నాను. నన్ను చూడండి, వాణ్ణి చూడండి."

"ఇప్పుడే కదమ్మా కాదన్నావు?"

"అప్పుడు అవుననకూడదు మేడమ్."

"ఇప్పుడు అనొచ్చా?"

"ఇప్పుడూ అనకూడదు. అయినా అంటున్నాను."

మేడమ్ గారు కారు తలుపు వేసుకున్నారు. కారు కదిలాక మా వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది.

3. సంతకముల విషయం.

పై తనిఖీలో నేను చేసిన సంతకం చెల్లినది. దాని ఆధారంగానే శిశువును అత్యవసరంగా ఒక పెంపుడు కుటుంబం వద్ద ఉంచినట్లు తమ ఉత్తర్వులో ఉన్నది. ఆ కుటుంబం పేరు, ఊరు గోప్యం. సదరు శిశువును తిరిగి ఇప్పించమని నేను పెట్టిన దరఖాస్తు మీద చేసిన సంతకం మాత్రం చెల్లలేదు. రెండు సంతకాలూ నావే. రెండూ కుడి చేత్తోనే చేశాను. పుట్టిన పత్రంలో తల్లిగా నా పేరే ఉందని చూపిస్తే, "అది విచారణలో తేలాలి" అన్నారు.

తమ కార్యాలయం కౌంటర్ వద్ద జరిగినది యథాతథంగా మనవి చేస్తున్నాను.

"మైనర్ సంతకం చెల్లదమ్మా. మీ అమ్మనో నాన్ననో తీసుకురా."

"ఆ కాగితం మీద ఉన్నదీ నా సంతకమే కదండీ. అదెలా చెల్లింది?"

"అది వాంగ్మూలం. ఇది దరఖాస్తు."

"అంటే వాడు నా కొడుకు కాదంటే చెల్లుతుంది, అవునంటే చెల్లదా?"

"నా మీద అరవకు. రూలు ఎలా ఉందో అలా చెబుతున్నాను."

నేను అరవలేదు. అరిచి ఉంటే నాలుగు వీధుల అవతలికి వినబడి ఉండేది.

తమ వరండా గోడ మీద ఒక పెద్ద పోస్టర్ ఉన్నది. నా వయసు పిల్ల ఒకతె బిడ్డను ఎత్తుకుని నవ్వుతూ ఉంటుంది. దాని కింద, "నీకు పద్దెనిమిది నిండకపోయినా నువ్వు తల్లివే. నీ బిడ్డ నీ దగ్గర పెరిగే హక్కు నీకుంది. మా సిబ్బందిని అడుగు" అని ఉంది. నేను ఆ పోస్టర్‌ను వేలితో చూపించి తమ సిబ్బందిని అడిగాను.

"అది ప్రాజెక్టు వాళ్ళు అంటించి పోయారు. ఆ ప్రాజెక్టు అయిపోయింది" అన్నారు.

అయ్యా, ప్రాజెక్టు అయిపోతే ఆ పోస్టర్ తీసేయించగలరు. నాలాంటి పిల్లలు దాన్ని చదివి నిజమనుకుంటారు.

4. పెద్దల విషయం.

నా తరఫున సంతకం చేయగల పెద్దలను హాజరుపరచమని ఆదేశించారు. నా వద్ద ఉన్న పెద్దల వివరములు ఇవి.

నాన్న లేడు. అమ్మ ఇటలీలో ఒక మంచం పట్టిన ముసలావిడకు అన్నం తినిపించే పనిలో ఉంది. ఊళ్ళో నా ఈడు వాళ్ళలో చాలామంది అమ్మలు అక్కడే ఉన్నారు. ఫోన్ చేస్తే, "నేను బయల్దేరితే ఆ పూటకే ఇంకో మనిషిని పెట్టుకుంటారే. బయల్దేరకపోతే నువ్వు ఏడ్చి ఏడ్చి చస్తావు. నన్నేం చెయ్యమంటావే మిరూనా?" అని తనే ఏడ్చింది. అక్కడి మన కాన్సులేట్‌లో ముద్ర వేయించి తను పంపిన అంగీకార పత్రం "స్వయంగా హాజరు కానందున" తిరస్కరించబడినది. అమ్మమ్మ నాకు పెద్ద దిక్కు, కానీ ఆమె మీద శిశువును విక్రయించిన అభియోగం ఉన్నది కనుక ఆమె సంతకం పనికిరాదు. తుదోరా అత్త మీద కొనుగోలు చేసిన అభియోగం ఉన్నది. ఏడుగురు పిల్లల తల్లి, ఎనిమిదో వాణ్ణి నాణెం ఇచ్చి కొనుక్కుని ఏం చేసుకుంటుందని తమ వాళ్ళు ఒక్కసారైనా ఆలోచించలేదు.

ఇక శిశువు తండ్రి నార్చీస్, వయసు పదిహేడు. టైర్ల షాపులో పని చేస్తాడు. బాబు పుట్టినప్పుడే తన పేరు రాయించడానికి నాతో రిజిస్ట్రీకి వచ్చాడు. వాడూ మైనరే కనుక వాళ్ళ నాన్నను తీసుకురమ్మని పంపించేశారు. వాళ్ళ నాన్న వచ్చి, "నా కొడుకు బడికి పోకపోతే ఇంకా నేనే సంతకం పెడుతున్నాను, వాడొచ్చి ఇంకొకడికి తండ్రినని సంతకం పెడతాడా?" అని నలుగురిలో నవ్వించి వెళ్ళిపోయాడు. అందుచేత పుట్టిన పత్రంలో తండ్రి పేరున్న చోట గీత ఉంది. అయినా పని మానుకుని నాతో పాటు ప్రతిసారీ తమ వరండాలో కూర్చుంటాడు. "నేనేం చెయ్యాలో చెప్పండి మేడమ్, చేస్తాను" అని కౌంటర్‌లో అడిగాడు. "నువ్వెవరు?" అన్నారు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఈ అమ్మకం నేరమే అయితే ఒక సంగతి మనవి చేస్తాను. మా ఊళ్ళో సగం మంది అమ్ముడుపోయినవారే. మేయర్ గారిని కోరింత దగ్గు వచ్చినప్పుడు వాళ్ళమ్మ రొట్టెల అంగడి ఆవిడకు అమ్మింది. తమ గుమ్మం దగ్గర కాపలా కాసే పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "నన్నూ అమ్మారు తల్లీ, మా ఊళ్ళో. నా పేరు మాత్రం ఎక్కడా రాయకు" అన్నాడు. కనుక పేరు రాయడం లేదు. వాళ్ళందరినీ కూడా తీసుకుపోదలిస్తే తమకు చాలా కార్లు అవసరమవుతాయి.

5. ఆశ్రయం విషయం.

జిల్లా కేంద్రంలో చిన్న వయసు తల్లుల కోసం తమ శాఖ నడిపే గృహం ఒకటి ఉన్నదని తెలిసి అక్కడికి వెళ్ళాను. శుభ్రంగా ఉంది. ప్రతి మంచం పక్కనా ఒక ఊయల. రెండు మంచాలు ఖాళీ. నాకు చోటు కావాలన్నాను.

"బిడ్డ ఏదీ?" అని అడిగింది అక్కడి అక్క.

"మీ ఆఫీసు వాళ్ళ దగ్గర ఉన్నాడు."

"బిడ్డతో వస్తేనే చేర్చుకుంటాం చెల్లీ. తల్లీబిడ్డల గృహం కదా."

తిరిగి తమ కార్యాలయానికి వచ్చి బిడ్డను ఇవ్వమన్నాను. "పర్యవేక్షణ గల నివాసం ఉంటేనే బిడ్డను ఇచ్చే విషయం ఆలోచిస్తాం" అన్నారు. నివాసం కోసం బిడ్డ కావాలి, బిడ్డ కోసం నివాసం కావాలి. ఈ రెండు నిబంధనల కాగితాలూ తమ కార్యాలయంలోనే, ఒకే అంతస్తులో, ఒకే కారిడార్‌లో తయారవుతాయి. ఆ గదుల మధ్య గోడ ఒక్కటే అడ్డం.

6. పాల విషయం.

ఇది రాయవద్దని అమ్మమ్మ అన్నది. రాస్తున్నాను. బాబును తీసుకుపోయాక కూడా పాలు వచ్చాయి. వాడు తాగే వేళకే వచ్చేవి, బట్టలు తడిసిపోయేవి. సదరు పాలను ఏ కార్యాలయమునకు సమర్పించవలెనో తెలియక వంటింటి తొట్టిలో పిండి పోశాను. ఇప్పుడు తగ్గిపోతున్నాయి. మీ ఫైలు కదలక ముందే అవి ఆగిపోతాయి. దీనికి తమరు ఏ విధానంలో జవాబు ఇస్తారో చూడాలని ఉంది.

7. నా వయసు విషయం.

తమ ఉద్యోగి ఒకరు నా మీద జాలిపడి, "పద్దెనిమిది నిండాక రామ్మా, అప్పుడు నీ సంతకం చెల్లుతుంది" అన్నారు. నాకు పద్దెనిమిది నిండేది వచ్చే శీతకాలంలో. అప్పటికి వాడు నిలబడతాడు, బహుశా నడుస్తాడు. ఎవరి వైపు నడుస్తాడో తమకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంతలో ఈ నెలాఖరున కమిటీ కూర్చుని వాణ్ణి వేరే జిల్లాలో శాశ్వత సంరక్షణకు పంపే విషయం తేలుస్తుందని, "తల్లినని చెప్పుకుంటున్న వ్యక్తి మైనర్ కనుక" నేను హాజరు కానవసరం లేదని ఉత్తరం వచ్చింది.

అదే కవరులో ఇంకో ఉత్తరం ఉంది. తల్లి విదేశంలో ఉన్న మైనర్ మిరూనా హుర్దుబే సంరక్షణ పట్ల తమ శాఖ ఆందోళన చెందుచున్నదని, నా అభిప్రాయాలు తెలుసుకోవడానికి త్వరలో ఒకరు వస్తారని రాశారు. నా అభిప్రాయం ఇదే. వచ్చేవాళ్ళు బాబును తీసుకుని రావాలి.

కావున నా మనవి ఏమనగా:

(అ) కమిటీ కూర్చునే రోజున నన్ను లోపలికి రానివ్వాలి. మాట్లాడవద్దంటే మాట్లాడను, కనబడితే చాలు.

(ఆ) బాబును, నన్ను ఒకే రోజున, ఒకే గుమ్మం గుండా సదరు తల్లీబిడ్డల గృహంలో చేర్చుకోవాలి. ముందు ఎవరు లోపలికి అడుగు పెట్టాలో తమరే నిర్ణయించగలరు.

(ఇ) నార్చీస్ పేరు తండ్రిగా నమోదు చేయించాలి. తండ్రినంటూ ముందుకొచ్చిన వాణ్ణి తరిమేసి, తండ్రి లేని బిడ్డ అని తమరే ఫైలులో రాస్తున్నారు.

(ఈ) ఇవేవీ కుదరకపోతే, వాడు ఉన్న ఊరి పేరైనా చెప్పాలి. నేను అక్కడికి వెళ్ళను. రాత్రి పడుకునేటప్పుడు ఏ దిక్కుకు తిరిగి పడుకోవాలో తెలిస్తే చాలు.

ఈ అర్జీని తమరు స్వయంగా చిత్తగించవలెను. కౌంటర్‌కు తిరిగి పంపకుండా, ముద్ర వేయడానికి ముందే చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
సంతకం చెల్లని తమ విధేయురాలు,
మిరూనా హుర్దుబే
(దామియాన్ తల్లి)

తా.క.: అయ్యా, ఈ కింది నాలుగు ముక్కలు తమకు కాదు. మా బాబు ఎవరి దగ్గర ఉన్నాడో ఆ అమ్మగారికి. కాగితాన్ని ఇక్కడికి చింపి ఆవిడకు పంపించండి. ఆవిడ పేరు గోప్యమే కావచ్చు, నా మాటలు గోప్యం కాదు కదా.

అమ్మా, మీరెవరో నాకు తెలియదు. మీ మీద నాకు కోపం లేదు. మొదట్లో ఉండేది, ఇప్పుడు మీరు కాక వాడికి ఎవరున్నారని ఆలోచిస్తున్నాను. వాణ్ణి వెల్లకిలా పడుకోబెడితే ఉలిక్కిపడి లేస్తాడు, ఛాతీ మీద చెయ్యి వేసి కాసేపు ఉంచండి. స్నానం చేయించాక ఎడమ చెవి బాగా తుడవండి, చీము కారిన చెవి అది. సీసా వద్దని మొహం తిప్పుకుంటే మొండివాడని తిట్టకండి, వాడికి కొత్త. పాట రాకపోయినా ఫర్వాలేదు, ఏదో ఒకటి గొణుగుతూ ఉండండి, వాడికి మాటలక్కర్లేదు, గొంతు కావాలి. త్వరలో వాడికి మాట వస్తుంది. మొదట అమ్మా అంటాడు, మిమ్మల్ని చూసే అంటాడు. ‘నేను నీ అమ్మను కాను’ అని వాడికి చెప్పకండి, నా కోసం ఆగకండి. వెంటనే పలకండి.